వానలో మిల్ఫర్డ్ సౌండ్: కోచ్‌లో, బోటులో ఒక రోజు ప్రయాణం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూజిలాండ్ దక్షిణ దీవికి వచ్చే మనవాళ్లలో చాలామంది క్వీన్స్‌టౌన్‌లో రెండు మూడు రోజులు ఉంటారు. అందులో ఒక రోజు మిల్ఫర్డ్ సౌండ్‌కి. అదొక ఫియోర్డ్, అంటే నిటారు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. పొద్దున్నే కోచ్ (టూరిస్టు బస్సు) ఎక్కి, మధ్యాహ్నం బోటులో ఫియోర్డ్ అంతా తిరిగి, రాత్రికి మళ్లీ హోటల్‌కి చేరాలి. టికెట్లు నెలల ముందే కొని పెట్టుకుంటారు. తీరా ముందురోజు రాత్రి ఫోన్‌లో చూస్తే మర్నాటికి వాన అని ఉంటుంది. ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. ఆ రాత్రి వచ్చే ప్రశ్నలకే ఇక్కడ జవాబులు రాశాను.

రేపు వాన అంటున్నారు. టికెట్ క్యాన్సిల్ చేసుకోవాలా?

వద్దు. రోడ్డు తెరిచి ఉంటే వెళ్లండి.

ఎందుకో చెబుతాను. మిల్ఫర్డ్‌లో ఏడాది పొడవునా పారే పెద్ద జలపాతాలు రెండే రెండు: లేడీ బోవెన్, స్టిర్లింగ్. మిగిలినవన్నీ వాన తెచ్చేవే. ఎండరోజు పొడి బండగా కనిపించే కొండగోడ మీద, గట్టిగా ఒక గంట వాన పడితే చాలు, ఎటు చూసినా నీళ్లు దూకుతుంటాయి. వాన ఆగాక కొన్ని గంటల్లోనే అవి సన్నగిల్లిపోతాయి, మర్నాటికి చాలావరకు ఉండవు. పోస్టర్లలో కనిపించే నీలాకాశం, నీళ్లలో మైటర్ శిఖరం నీడ, అవి కావాలంటే ఎండరోజే కావాలి. కానీ ఆ కొండలు ఎలా పనిచేస్తాయో, ఆ లోయ ఎందుకు అంత పచ్చగా ఉందో కళ్లారా చూడాలంటే వానరోజే వెళ్లాలి. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే వానరోజునే ఎంచుకుంటాను.

అక్కడ అంత వాన ఎందుకు పడుతుంది?

టాస్మన్ సముద్రం మీదుగా పడమటి గాలులు తేమ నిండి వస్తాయి. ఒడ్డునే వెయ్యిన్నర, రెండు వేల మీటర్ల కొండలు నిటారుగా అడ్డం నిలబడి ఉంటాయి. గాలి పైకెక్కక తప్పదు. ఎక్కేకొద్దీ చల్లబడి, మోసుకొచ్చిన తేమనంతా అక్కడే దించేస్తుంది. మన పడమటి కనుమల్లో ఆగుంబె తడిసి ముద్దవడానికి, ఇవతల తెలంగాణకు మిగులు మేఘాలే అందడానికి ఉన్న కారణమే ఇక్కడా ఉంది.

లెక్క చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మిల్ఫర్డ్‌లో ఏడాదికి 6,400 మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం కురిసేది 800 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మిల్ఫర్డ్‌లో ఒక్క రోజులో 250 మిల్లీమీటర్లు పడిన సందర్భాలున్నాయి. అదే కొండలకు తూర్పున, 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న టె అనౌ ఊళ్లో ఏడాదికి 1,200 మిల్లీమీటర్లే.

అందుకే ముఖ్యమైన సంగతి ఒకటుంది. క్వీన్స్‌టౌన్ వాతావరణం చూసి మిల్ఫర్డ్ గురించి నిర్ణయించుకోవద్దు. అవి రెండూ కొండలకు చెరోవైపున ఉన్నాయి. ఇక్కడ ఎండ కాస్తుంటే అక్కడ కుండపోత ఉండొచ్చు, ఇక్కడ ముసురు పట్టి ఉంటే అక్కడ తెరిపి ఇచ్చి ఉండొచ్చు. న్యూజిలాండ్ వాతావరణ సంస్థ మెట్‌సర్వీస్ సైట్‌లో మిల్ఫర్డ్ సౌండ్ పేరుతోనే వెతికి చూడండి.

అంటే ఎంత వాన ఉన్నా పర్లేదా?

అలా కాదు. ఇక్కడ మూడు రకాల రోజులుంటాయి, వాటి మధ్య తేడా తెలిసుండాలి.

ఆగకుండా పడే మామూలు వాన, లేదా పడుతూ ఆగుతూ ఉండే జల్లులు: ఇవే మంచి రోజులు. మేఘం మధ్యమధ్య విడిపోయి కొండ పైభాగం కనిపిస్తుంది, మళ్లీ మూసుకుంటుంది. జలపాతాలు నిండుగా ఉంటాయి.

వాన పడకుండా మబ్బు మాత్రం నీటి మట్టం దాకా దిగి కదలకుండా కూర్చునే రోజు: నిజానికి నిరాశ కలిగించేది ఇదే. జలపాతాలు ఉండవు, కొండలూ కనిపించవు. ఇది వానకన్నా చాలా తక్కువగా వస్తుంది కాబట్టి దీని గురించి దిగులు పెట్టుకోనక్కర్లేదు.

భారీ వర్ష హెచ్చరిక ఉన్న రోజు: ఇది వేరు. 2020 ఫిబ్రవరిలో మిల్ఫర్డ్ ప్రాంతంలో అరవై గంటల్లోనే వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. రోడ్డు చాలాచోట్ల కొట్టుకుపోయింది. చిక్కుకున్న పర్యాటకుల్ని హెలికాప్టర్లలో బయటికి తీసుకొచ్చారు. హెచ్చరిక వచ్చిన రోజున అవసరమైతే రోడ్డును అధికారులే ముందుగా మూసేస్తారు. వాళ్ల మాట విని ఊరుకోవాలి, వేరే దారి వెతక్కూడదు. అసలు వేరే దారే లేదు.

రోడ్డు మూసేస్తే నా డబ్బులు?

రోడ్డు మూసివేత వల్ల యాత్ర రద్దయితే, మామూలుగా నిర్వాహకులు డబ్బు వాపసు ఇస్తారు లేదా ఇంకో రోజుకు మారుస్తారు. వాన పడుతోంది కదా అని మీరే మానుకుంటే మాత్రం ఇవ్వరు. బుక్ చేసేటప్పుడే ఆ షరతు చదువుకోండి. మూడో పార్టీ సైట్‌లో కొంటే వాపసుకు వాళ్ల చుట్టూ తిరగాలి, నేరుగా కొంటే ఆ బాధ ఉండదు.

ఇంకో మాట. మిల్ఫర్డ్‌ను మీ ప్రయాణంలో చివరి రోజున పెట్టుకోవద్దు. మొదటి రోజునో రెండో రోజునో పెట్టుకుంటే, రోడ్డు మూతపడినా మర్నాడు వెళ్లే వీలుంటుంది. మర్నాడు పొద్దున విమానం ఉందంటే ఆ వీలు పోతుంది. రోడ్డు పరిస్థితిని న్యూజిలాండ్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ సైట్‌లో ఎప్పటికప్పుడు పెడతారు.

క్వీన్స్‌టౌన్ నుంచి వెళ్లాలా, టె అనౌ నుంచా?

పటంలో చూస్తే క్వీన్స్‌టౌన్ నుంచి మిల్ఫర్డ్ దగ్గరే అనిపిస్తుంది. మధ్యలో కొండలున్నాయి కాబట్టి రోడ్డు బాగా దక్షిణానికి వెళ్లి, టె అనౌ దగ్గర తిరిగి, మళ్లీ ఉత్తరానికి వస్తుంది. మొత్తం దాదాపు 290 కిలోమీటర్లు, ఒక్కో వైపు నాలుగైదు గంటలు. ఆగడాలు, బోటు కలిపితే పన్నెండు పదమూడు గంటల రోజు. పొద్దున ఏడింటికి బయల్దేరితే తిరిగొచ్చేసరికి రాత్రి ఏడు, ఎనిమిది అవుతుంది.

టె అనౌలో ఒక రాత్రి ఉండి అక్కడి నుంచి ఎక్కితే ప్రయాణం సగానికి తగ్గుతుంది. పెద్దవాళ్లో చిన్నపిల్లలో వెంట ఉంటే ఇదే చేయండి. టె అనౌ సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరు, ప్రశాంతంగా ఉంటుంది, గదులు కూడా సాధారణంగా క్వీన్స్‌టౌన్ కన్నా చవక. టైము తక్కువగా ఉన్నవాళ్లకు క్వీన్స్‌టౌన్ కోచ్ తప్పదు, దాన్ని కూడా భయపడాల్సినంత కష్టంగా చూడనక్కర్లేదు. ఈ రూటులో తిరిగే చాలా కోచ్‌లకు పైకప్పులో కూడా అద్దాలుంటాయి. కొండ నెత్తిన ఏముందో మెడ తిప్పకుండా చూడొచ్చు.

దారిలో ఏముంటుంది? నిద్రపోతే ఏమన్నా పోతుందా?

టె అనౌ దాకా హాయిగా నిద్రపోండి. ఆ తరువాత మాత్రం వద్దు, ఎందుకంటే ఈ యాత్రలో సగం అందం రోడ్డు మీదే ఉంది.

టె అనౌ దాటాక కాసేపటికి ఎగ్లింటన్ లోయ వస్తుంది. ఒకప్పుడు హిమానీనదం చదును చేసి పోయిన నేల. రెండు వైపులా బీచ్ (beech) అనే జాతి చెట్ల అడవి, మధ్యలో పసుపుపచ్చ గడ్డి మైదానం. ఆ తరువాత మిర్రర్ లేక్స్ దగ్గర ఆపుతారు. ఎండరోజు ఆ చిన్న మడుగుల్లో కొండల నీడ అద్దంలో లాగే పడుతుంది. వాన చినుకులు పడుతుంటే నీడ ఉండదు. అక్కడ ఫొటో కోసం తంటాలు పడకుండా ఆ చెక్క బాట మీద నాలుగడుగులు వేసి రండి, అడవి వాసన బాగుంటుంది.

ది డివైడ్ అనే చోటు సుమారు 530 మీటర్ల ఎత్తులో ఉంది. సదరన్ ఆల్ప్స్ అనే ఈ కొండల వరసను తూర్పు నుంచి పడమరకు దాటే కనుమల్లో అన్నిటికన్నా తక్కువ ఎత్తుది ఇదే. వాన నిజంగా మొదలయ్యేది ఇక్కడే. టె అనౌలో పొడిగా ఉన్న అద్దాలు ఇక్కడికొచ్చేసరికి కారిపోతుంటాయి. అప్పటిదాకా ఓ మోస్తరుగా ఉన్న అడవి ఒక్కసారిగా చిక్కబడుతుంది, ప్రతి కొమ్మకూ నాచు వేలాడుతుంటుంది. మంకీ క్రీక్ అనే వాగు దగ్గర ఆపితే సీసాలో నీళ్లు పట్టుకునేవాళ్లు కనిపిస్తారు. మంచు కరిగి వచ్చే నీళ్లు, చేతులు జివ్వుమంటాయి.

హోమర్ సొరంగం గురించి అందరూ చెబుతారు. ఏమిటి అందులో?

ఈ రోడ్డుకు ప్రాణం అదే. అది లేకపోతే మిల్ఫర్డ్‌కు సముద్రం మీదో, కాలినడకనో, విమానంలోనో రావాలి.

1889లో విలియమ్ హోమర్ అనే ఆయన ఈ కొండ కనుమను కనిపెట్టి, దీని కింద సొరంగం తవ్వొచ్చని సూచించాడు. పని మొదలైంది 1935లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో. పని లేని మనుషులకు ఉపాధి చూపించే పథకం కింద మొదట ఐదుగురు గునపాలతో, తోపుడు బళ్లతో దిగారు. గుడారాల్లో కాపురం. ఆ లోయలో చలికాలంలో నెలల తరబడి సూర్యుడు నేరుగా కనిపించడు. హిమపాతాల్లో, అంటే కొండ మీది మంచు ఒక్కసారిగా కూలి మీద పడి, కొంతమంది చనిపోయారు. పగులు రాళ్లలోంచి మంచునీళ్లు ఎడతెగకుండా కారేవి. మధ్యలో యుద్ధం వచ్చి పని ఆగింది. 1954లో గానీ బండ్లు దాటలేదు.

ఇప్పటికీ అది గట్టి బండను తొలిచిన గరుకు సొరంగమే. పొడవు దాదాపు 1.2 కిలోమీటర్లు, తూర్పు నుంచి పడమరకు ప్రతి పది మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగుడు. పెద్ద బండ్లు ఎదురెదురుగా పట్టవు కాబట్టి రద్దీ వేళల్లో సిగ్నల్ పెట్టి ఒక్కో వైపు నుంచి వదులుతారు. ఆ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కియా అనే ఆకుపచ్చ కొండచిలుకలు వచ్చి కార్ల రబ్బరు పట్టీలు పీకుతుంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, పెట్టమని అడుగుతున్నట్టే దగ్గరికొస్తాయి. దయచేసి ఏమీ పెట్టొద్దు. అవి అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న పక్షులు. మనిషి తిండికి అలవాటు పడితే రోడ్డు మీదే తిరుగుతూ బండ్ల కింద పడతాయి.

సొరంగం దాటి బయటికి వచ్చే క్షణం కోసం ఫోన్ జేబులో పెట్టేసి కళ్లు పెట్టి చూడండి. చీకట్లోంచి క్లెడావ్ లోయ నెత్తిన తేలుతారు. వానరోజైతే చుట్టూ ఉన్న నల్లటి గోడల నిండా తెల్లటి దారాల్లా జలపాతాలు, లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తారు. ఆ రాయి చాలా గట్టిది, నీళ్లను లోపలికి ఇంకనివ్వదు. మట్టి కూడా నామమాత్రం. అందుకే పడ్డ చినుకు పడ్డట్టు కిందికి ఉరుకుతుంది. నా దృష్టిలో మొత్తం రోజులో గొప్ప ఘట్టం ఇదే, బోటు కూడా దీని తరువాతే.

సొంతంగా కారు నడుపుకుని వెళ్లొచ్చు కదా?

వెళ్లొచ్చు. మనలాగే అక్కడా ఎడమ వైపే నడుపుతారు. కానీ వానరోజు మొదటిసారి వెళ్లేవాళ్లకు కోచే మంచిదని గట్టిగా చెబుతాను. తడి రోడ్డు, మలుపులు, దిగుడు, బోటు టైముకు చేరాలన్న హడావుడి, అలసట అన్నీ కలుస్తాయి. ప్రమాదాలు ఎక్కువగా జరిగే రోడ్లలో ఇదొకటి. పైగా నడిపే మనిషి ఏ జలపాతాన్నీ చూడలేడు.

నడపక తప్పదంటే టె అనౌలో ట్యాంకు నింపుకోండి, రాత్రి అక్కడే పడుకుని పొద్దున బయల్దేరండి, చీకటి పడకముందే తిరిగి వచ్చేయండి. మిల్ఫర్డ్‌లో బోట్ల రేవు దగ్గర పార్కింగ్‌కు డబ్బు కట్టాలి, బండి పెట్టి నడిచి వెళ్లడానికి అదనంగా సమయం ఉంచుకోవాలి. మే నుంచి నవంబర్ దాకా హిమపాతాల భయం ఉండే కాలం. అప్పుడు టైర్లకు చుట్టే గొలుసులు బండిలో పెట్టుకోమని బోర్డులుంటాయి. 'ఇక్కడ ఆపరాదు' అని ఉన్న చోట ఫొటో కోసం కూడా ఆపకూడదు, పైన మంచు పేరుకుని ఉంటుంది. 1983లో ఒక రోడ్డు ఉద్యోగి ఇలాగే హిమపాతంలో చనిపోయారు. ఆ తరువాత పేరుకున్న మంచును ముందే పేల్చి దించే ఏర్పాటు వచ్చింది.

బోటు ఎంతసేపు? ఎక్కడిదాకా వెళ్తుంది?

గంటన్నర నుంచి రెండు గంటలు. ఫియోర్డ్ పొడవు సుమారు 15 కిలోమీటర్లు. బోటు ఒక గోడ పక్కగా టాస్మన్ సముద్రం దాకా వెళ్లి, రెండో గోడ పక్కగా వెనక్కి వస్తుంది.

రేవు వదలగానే కనిపించేది లేడీ బోవెన్ జలపాతం, దాదాపు 160 మీటర్లు. మిల్ఫర్డ్ ఊళ్లో దీపాలు వెలిగేది దాని నీటితో తీసే కరెంటుతోనే. ఎడమవైపు మైటర్ శిఖరం, నీటి మట్టం నుంచి సూటిగా సుమారు 1,690 మీటర్లు. వానరోజు దాని తల మబ్బులో ఉంటుంది, నడుము మాత్రమే కనిపించొచ్చు. బోటు కింద నీళ్లు కూడా అంతే విపరీతం, ఎక్కువ లోతున్నచోట 290 మీటర్ల దాకా ఉంటుంది. హిమానీనదం కోసిన లోయలోకి సముద్రం చొరబడింది కాబట్టి ఒడ్డు అనేదే లేదు. గోడ అలాగే నీళ్ల కిందికి దిగిపోతుంది. అందుకే అంత పెద్ద బోటు కూడా కొండను తాకేంత దగ్గరికి వెళ్లగలుగుతుంది.

తిరుగు దారిలో స్టిర్లింగ్ జలపాతం, దాదాపు 150 మీటర్లు. కెప్టెన్ బోటు ముక్కును దాని కిందికే తీసుకెళ్తాడు. ముందు డెక్ మీద నిలబడితే తల నుంచి కాళ్ల దాకా తడుస్తారు. లోపల కూర్చుని అద్దంలోంచి కూడా చూడొచ్చు, కానీ ఒక్కసారన్నా బయట నిలబడండి. ఆ హోరు అద్దంలోంచి వినబడదు.

గాలి బాగా ఉన్న రోజున ఇంకో వింత. పైనుంచి దూకిన సన్నటి ధారలు కిందికి చేరకముందే గాలికి మళ్లీ పైకి ఎగిరిపోతాయి.

కొండల మీద చెట్లు లేని చారలు ఏమిటి? కొండచరియలా?

చెట్లచరియలు అనాలి. ఆ బండ మీద మట్టి లేదు. ముందు నాచు పడుతుంది, దాని మీద చిన్న మొక్కలు, ఆ తరువాత చెట్లు. ఆ చెట్ల వేళ్లు ఒకదాన్నొకటి పెనవేసుకుని బండ పగుళ్లను పట్టుకుని నిలబడతాయి. పెద్దవానకు నాచు నీళ్లు పీల్చి బరువెక్కాక పైన ఒక చెట్టు జారితే, వేళ్లు కలిసి ఉన్నందువల్ల కిందివాటన్నిటినీ లాక్కుంటూ నీళ్లలోకి వచ్చేస్తుంది. వెనక మిగిలేది బోడి బండ. మళ్లీ నాచుతో మొదలుపెట్టి అడవి పెరగడానికి వందేళ్లదాకా పడుతుంది. ఒకే గోడ మీద బోడి చార, లేతపచ్చ చార, ముదురు అడవి పక్కపక్కనే కనిపిస్తాయి. ఏది ఎప్పుడు జారిందో రంగును బట్టి ఊహించొచ్చు.

నీళ్లు అంత నల్లగా ఎందుకున్నాయి? మురికా?

మురికి కాదు. వాననీరు అడవిలో రాలిన ఆకుల మీదుగా దిగేటప్పుడు టీ డికాక్షన్ రంగు పట్టుకుంటుంది. ఆ మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక, అందుకని సముద్రపు నీటి మీద ఒక పొరగా తేలుతుంది. పెద్దవాన తరువాత ఆ పొర కొన్ని మీటర్ల మందం ఉంటుంది. దాని రంగు వల్ల కింద వెలుతురు తగ్గిపోతుంది. దాంతో మామూలుగా సముద్రంలో చాలా లోతున బతికే నల్ల పగడాలు ఇక్కడ పది మీటర్ల లోతులోనే పెరుగుతాయి. బతికున్నప్పుడు అవి తెల్లగా ఉంటాయి, లోపలి అస్థిపంజరమే నలుపు. వాన కేవలం కొండల్నే కాదు, నీళ్ల అడుగున ఉన్న లోకాన్ని కూడా మార్చేసింది. అందుకే 1993లో ఫియోర్డ్ ఉత్తరపు ఒడ్డు వెంట సముద్ర రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశారు.

జంతువులు కనిపిస్తాయా?

ఫర్ సీల్స్ దాదాపు ఎప్పుడూ కనిపిస్తాయి. ఒక బండ మీద పడుకుని ఉంటాయి, వాటికి వానతో పని లేదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో తోళ్ల కోసం వేటగాళ్లు వాటిని దాదాపు తుడిచిపెట్టేశారు, రక్షణ వచ్చాక మళ్లీ పెరిగాయి. డాల్ఫిన్లు అదృష్టాన్ని బట్టి. తవాకి అనే పసుపు కనుబొమల పెంగ్విన్లు జూలై నుంచి నవంబర్ మధ్య గూళ్లు పెట్టుకునే కాలంలో ఒడ్డు రాళ్ల మీద కనిపించొచ్చు.

బోటు ప్రయాణం భద్రమేనా? వాన, గాలి అంటే ఇంట్లో భయపడుతున్నారు.

ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోను. 2019 సెప్టెంబర్‌లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం తరువాత మన ఇళ్లలో బోటు అంటే పెద్దవాళ్ల గుండె ఝల్లుమనడం సహజం.

ఇక్కడ పరిస్థితి వేరు. నది వరద ఉధృతి, సుడిగుండాలు ఇక్కడ లేవు. ఇది సముద్రపు పాయ, రెండు వైపులా కొండల కాపు ఉంటుంది. బోట్లు పెద్దవి, మూసి ఉన్న క్యాబిన్లు, టాయిలెట్లు ఉంటాయి. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో, ప్రమాదం వస్తే ఏం చేయాలో బయల్దేరేటప్పుడే చెబుతారు. ఆ రెండు నిమిషాలు మాట్లాడుకోకుండా వినండి, ఇంగ్లీషు అర్థంకాని పెద్దవాళ్లకు తెలుగులో చెప్పండి. వానకు బోట్లు ఆగవు. గాలి మరీ ఎక్కువైతే కెప్టెన్ సముద్రం దాకా వెళ్లకుండా ముందే తిప్పేస్తాడు. అలా తిప్పితే ఫిర్యాదు చేయకండి, ఆయన చేసింది సరైన పని.

కడుపులో తిప్పుతుందా?

బోటులో చాలామందికి తిప్పదు. సముద్రం దగ్గరికొచ్చినప్పుడు పది నిమిషాలు ఊగుతుంది, అంతే. అసలు తిప్పేది కోచ్‌లో, డివైడ్ దాటాక. అలవాటున్న మాత్ర బయల్దేరే ముందే వేసుకోండి, ముందు సీట్లు అడగండి, ఫోన్ చూడకండి.

ఏం వేసుకోవాలి? గొడుగు సరిపోతుందా?

గొడుగు హోటల్‌లో వదిలేయండి. డెక్ మీద గాలికి అది నిలవదు, పక్కవాళ్ల కళ్లకు ప్రమాదం. టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్ కావాలి. కొనక్కర్లేదు, క్వీన్స్‌టౌన్‌లో అద్దెకిస్తారు. లోపల ఉన్ని లేదా సింథటిక్ బట్టలు. జీన్స్ వద్దు, తడిస్తే రాత్రిదాకా ఆరవు, తిరుగు ప్రయాణమంతా చలి. చీర కట్టుకునే అమ్మమ్మలు, నాన్నమ్మలు ఆ ఒక్క రోజు పంజాబీ డ్రెస్సో, చీర కింద లెగ్గింగ్‌తో పైన పొడవు జాకెట్టో వేసుకుంటే సుఖంగా ఉంటారు. డెక్ జారుతుంది కాబట్టి చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు. కోచ్‌లో ఒక జత పొడి సాక్సులు, ఒక టవల్ ఉంచుకోండి. ఈ రెండూ తెచ్చుకున్నవాళ్లు తిరుగు దారిలో ఎంత హాయిగా ఉంటారో చెప్పలేను.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

ముందే చెప్పాలి. కోచ్ టికెట్‌తో పాటు ఇచ్చే లంచ్‌లో శాకాహారం, జైన్, గుడ్డు లేనిది ఏది కావాలో బుక్ చేసేటప్పుడే రాయాలి. అక్కడికి చేరాక అడిగితే బ్రెడ్డు, చిప్సే మిగులుతాయి. క్వీన్స్‌టౌన్‌లో భారతీయ హోటళ్లున్నాయి. వంటగది ఉన్న గది తీసుకుంటే పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోవడం అన్నిటికన్నా మేలు. వానలో, చలిలో, ఆ కొండల మధ్య తినే పులిహోరకు సాటి లేదు.

ఇండియా నుంచి పచ్చళ్లు, పొడులు, స్వీట్లు తెచ్చుకునేవాళ్లు దేశంలోకి వచ్చేటప్పుడు నింపే డిక్లరేషన్ ఫారంలో తిండి ఉందని తప్పకుండా రాయాలి. రాసి చూపిస్తే, తేవచ్చో లేదో వాళ్లే చూసి చెబుతారు. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. తేనెకు అసలు అనుమతి లేదు. బూట్లకు మట్టి కూడా ఉండకూడదు.

అమ్మానాన్నలకు డెబ్బై దాటాయి. తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి. ఎక్కడం, దిగడం, బోటు దాకా చదునుగా కొంచెం నడక, అంతే. మోకాళ్ల నొప్పులుంటే దారిలో ఆగినప్పుడల్లా దిగక్కర్లేదు. ఎక్కువసేపు కూర్చోవడమే వాళ్లకు కష్టం కాబట్టి టె అనౌ నుంచి వెళ్లండి. టె అనౌ దాటాక టాయిలెట్లు తక్కువ, ఆగిన ప్రతిచోటా వెళ్లి రమ్మనండి. మందులు చేతిసంచిలోనే ఉంచాలి. మిల్ఫర్డ్‌లో ఆసుపత్రి లేదు.

మే, జూన్ సెలవుల్లో వస్తున్నాం. అప్పుడు ఎలా ఉంటుంది?

మన వేసవి సెలవులు వాళ్లకు చలికాలం. పొద్దున ఎనిమిది దాటితే గానీ తెల్లవారదు, సాయంత్రం ఐదుకల్లా చీకటి. క్వీన్స్‌టౌన్ నుంచి వెళ్తే దారిలో కొంత భాగం చీకట్లోనే గడిచిపోతుంది. వాన మాత్రం ఆ నెలల్లో వేసవికన్నా తక్కువ, కొండల మీద మంచు ఉంటుంది, జనం తక్కువ. హిమపాతాల వల్ల రోడ్డు మూతపడే రోజులుంటాయి కాబట్టి ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి. డిసెంబర్, జనవరిలో వస్తే రాత్రి తొమ్మిదిదాకా వెలుతురు, కానీ వాన ఎక్కువ, రద్దీ ఎక్కువ.

ఫోన్ సిగ్నల్ ఉంటుందా?

టె అనౌ దాటాక దారిలో చాలాదూరం ఉండదు. 'సాయంత్రందాకా ఫోన్ కలవదు, కంగారు పడకండి' అని ఇండియాలో ఇంటికి ముందే చెప్పండి. న్యూజిలాండ్‌లో మధ్యాహ్నమైతే ఇండియాలో ఇంకా తెల్లవారుతూ ఉంటుంది.

శాండ్‌ఫ్లైలు అంటే ఏమిటి?

దోమకన్నా చిన్న నల్లటి ఈగలు, కుడితే రోజుల తరబడి దురద. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల గాథ ప్రకారం తూ తె రకిఫానోవా అనే దేవతామూర్తి ఈ ఫియోర్డ్‌లను తన గొడ్డలితో చెక్కాడు. ఆ అందం చూసి మనుషులు ఇక్కడే ఉండిపోతారేమోనని మృత్యుదేవత హినె నుయి తె పో ఈ ఈగల్ని వదిలిందట. జోరువానలో, గాలిలో అవి ఎగరవు. వాన తెరిపిచ్చినప్పుడు రేవు దగ్గర చుట్టుముడతాయి. దోమల క్రీమ్ రాసుకోండి, కాళ్లు కప్పి ఉంచండి.

తిరుగు ప్రయాణం విమానంలో రావొచ్చట కదా?

వాతావరణం బాగుంటే చిన్న విమానంలో నలభై నిమిషాల్లోపే క్వీన్స్‌టౌన్ చేరొచ్చు. వానరోజు దాని మీద ఆశ పెట్టుకోవద్దు, మబ్బు దిగితే ఎగరనివ్వరు. అప్పుడు కోచ్‌లోనే తీసుకొచ్చి విమానం డబ్బు వెనక్కి ఇస్తారు. ఆ ఏర్పాటు ఉందో లేదో కొనేముందు అడగండి.

పాపికొండలు చూశాం. దీనికి అంత ఖర్చు పెట్టాలా?

రెండూ కొండల మధ్య నీళ్ల మీద ప్రయాణాలే కాబట్టి ఈ ప్రశ్న న్యాయమే. పాపికొండల్లో నది వంపు తిరిగేకొద్దీ దారి తెరుచుకుంటుంది, ఒడ్డున ఊళ్లు, ఇసుక తిన్నెలు, మనుషులు ఉంటారు. మిల్ఫర్డ్‌లో మనుషుల జాడ రేవు దగ్గరే ఆగిపోతుంది. మిగిలినదంతా రాయి, నీరు, అడవి. ఒకటి చూశామని రెండోది మానుకోవాల్సిన పని లేదు. కేవలం ఇదొక్కదాని కోసమే న్యూజిలాండ్ వెళ్లమని చెప్పను, కానీ క్వీన్స్‌టౌన్ దాకా వచ్చి దీన్ని వదిలేయడం మాత్రం తప్పే.

డౌట్‌ఫుల్ సౌండ్‌కు వెళ్లాలా, మిల్ఫర్డ్‌కా?

డౌట్‌ఫుల్ కూడా ఫియోర్డే, దాదాపు 40 కిలోమీటర్ల పొడవు, చాలా పెద్దది, జనం తక్కువ. మానపౌరి సరస్సును ఒక బోటులో దాటి, విల్మాట్ కనుమ మీదుగా కోచ్‌లో దిగి, మళ్లీ ఇంకో బోటెక్కాలి. ఖర్చు ఎక్కువ, ప్రయాణం ఇంకా పొడుగు. నిశ్శబ్దం ఇష్టమైనవాళ్లకు అది నచ్చుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు, అందులోనూ వానరోజు, నేను మిల్ఫర్డే చెబుతాను. గోడలు దగ్గరగా, నిటారుగా ఉంటాయి కాబట్టి పైన మబ్బు పట్టినా జలపాతాలు కళ్ల ముందే ఉంటాయి.

బోటు ఏ టైముకు తీసుకోవాలి?

క్వీన్స్‌టౌన్ కోచ్‌లన్నీ ఇంచుమించు ఒకే వేళకు, మధ్యాహ్నం ఒంటిగంట చుట్టూ చేరతాయి. అప్పుడే బోట్లలో కిక్కిరిసి ఉంటుంది. టె అనౌలో ఉండి పొద్దున తొలి బోటుకో, మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లే బోటుకో ఎక్కితే డెక్ మీద చోటు దొరుకుతుంది. టికెట్ కొనేటప్పుడు బోటు సైజు కూడా చూడండి. పెద్దవాటిలో ఊగు తక్కువ, పెద్దవాళ్లకు అవి నయం. చిన్నవి జలపాతానికి ఇంకా దగ్గరికి వెళ్తాయి.